ఎయిర్ వింగ్‌లో చేరితే ఏమొస్తుందని అడిగే బావగార్లకు

ఎన్‌సీసీలో ఎయిర్‌ఫోర్స్ తరహా శిక్షణ ఇచ్చే ఎయిర్ వింగ్ అనే మాట ఎత్తగానే మనవాళ్లలో మూడు రకాల రియాక్షన్లు చూశాను. మొదటి రకం, "అబ్బో, విమానం నడపనిస్తారంటగా!" రెండో రకం, "ఎందుకండీ ఎండలో లెఫ్ట్ రైట్లు, చదువు చెడుద్ది." మూడో రకం ఈమధ్య బాగా పెరిగింది, "ఎంసెట్‌లో కోటా ఉంది కదా, ఓ సర్టిఫికెట్ పడుంటుంది, పోయేదేముంది." నాకు ఒళ్లు మండేది రెండో రకం మీద అనుకుంటారేమో, కాదు, మూడో రకం మీద. రెండో రకం వాళ్లతో కూర్చుని వాదించొచ్చు, మూడో రకం వాళ్లు మనకి సపోర్టు చేస్తున్నట్టే ఉండి మొత్తం వ్యవహారాన్ని ఇంకో కోచింగ్ సెంటర్ చేసి పెడతారు.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే మా అక్క కూతురు. విజయవాడలో ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, హైదరాబాద్‌లో డిగ్రీ చేస్తా, అదీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీలోనే చేరతా అని పట్టుబట్టి కూర్చుంది. మా బావ ఫోన్ చేసి, "ఏరా, దీని బుర్రలోకి ఇది ఎక్కించింది నువ్వేనా? అయినా నువ్వు మూడేళ్లు చేసి ఏం ఊడబొడిచావు, చివరికి సాఫ్ట్‌వేరేగా" అన్నాడు. "బావా, అది నేను చెప్పకముందే డిసైడైపోయింది" అన్నాను, నమ్మలేదు. అక్క మాత్రం వెనకాల నుంచి "వాడు అప్పుడు సన్నగా, నీట్‌గా ఉండేవాడండీ" అంది, అదేదో నాకు సపోర్టు అనుకుని.

ఈ చులకన ఊరికే రాలేదు, దానికో చరిత్ర ఉంది. ఎన్‌సీసీ 1948 జులై 15న మొదలైంది, ఎయిర్ వింగ్ 1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాల్లో ఒక్కో స్క్వాడ్రన్‌తో మొదలైంది. అప్పుడది ఇష్టమున్నవాళ్లు చేరేదే. 1962లో చైనా యుద్ధం అయ్యాక దేశమంతా కంగారుపడి 1963లో కాలేజీ కుర్రాళ్లకి ఎన్‌సీసీ కంపల్సరీ చేసేశారు. మా నాన్నది ఆ బ్యాచే. ఇష్టం లేని వందమందిని తెల్లారగట్ల గ్రౌండ్‌లో నిలబెడితే ఏమవుద్ది, అటెండెన్స్ చెప్పేసి వెనక గోడ దూకి హోటల్‌కి పోయేవాళ్లమని మా నాన్న ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అన్నారు, పక్కనే 1969లో సమాజసేవకని ఎన్ఎస్ఎస్ కూడా పెట్టారు. అంటే ఆ బలవంతపు ముచ్చట నడిచింది అయిదేళ్లు, కానీ ఆ అయిదేళ్ల బ్యాచులు ఇళ్లల్లో చెప్పిన కథలే మూడు తరాలుగా నడుస్తున్నాయి. ఎన్‌సీసీ అంటే ఎండ, బూట్లు, తిట్లు, చివర్లో అరటిపండు. (అరటిపండు మాట నిజమే, పరేడ్ అయ్యాక రిఫ్రెష్‌మెంట్ లైన్లో ముందు నిలబడటానికి మేం పడ్డ పాట్లు డ్రిల్లులో పడుంటే అందరం ఢిల్లీలో జరిగే రిపబ్లిక్ డే క్యాంపుకి సెలక్టయ్యేవాళ్లం.)

ఇంకో భయం, మా అక్కది, "సంతకం పెడితే మిలిటరీకి తీసుకుపోతారా?" లేదు. ఎన్‌సీసీ చట్టంలోనే ఉంది, క్యాడెట్‌కి సైన్యంలో పనిచేయాల్సిన బాధ్యత ఏమీ లేదు. యుద్ధమొచ్చినా నిన్ను బలవంతంగా సైన్యంలోకి తీసుకోరు. మూడేళ్లు చేసి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, బ్యాంకు ఉద్యోగంలో చేరిపోవచ్చు, చాలామంది చేసేది అదే.

సరే, అసలు విషయం, విమానం. ఇక్కడ నాకు ఎన్‌సీసీ అభిమానుల మీదే కోపం. ఫస్టియర్ పిల్లల్ని చేర్చుకునే రోజు సీనియర్లు చెప్పే మొదటి మాట "ఫ్లయింగ్ ఉంటుంది". ఉంటుంది, అబద్ధం కాదు. రెండు సీట్ల మైక్రోలైట్లు, అంటే బాగా తేలికైన చిన్న విమానాలుంటాయి, మా టైమ్‌లో జెన్ ఎయిర్ సీహెచ్ 701, తర్వాత స్లొవేనియా కంపెనీ పిపిస్ట్రెల్ వాళ్ల వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 వచ్చింది. (విమానానికి వైరస్ అని పేరెవడు పెట్టాడో గానీ, మనవాళ్లు దాన్ని గరుడ్ అని పిలుచుకుని పరువు కాపాడారు.) 2015లో రక్షణ శాఖ మొత్తం 194 కొనడానికి ఒప్పందం చేసుకుంటే అందులో 100 ఎన్‌సీసీ వాటా. వంద విమానాలంటే చాలా అనిపిస్తుంది, దేశమంతా ఉన్న స్క్వాడ్రన్లకి పంచి, వాటిలో సర్వీసింగ్‌లో ఉన్నవి తీసేసి, ఎగరేయడానికి ఎయిర్‌ఫోర్స్ పైలట్ ఖాళీగా ఉండి, ఆ రోజు మబ్బు లేక, గాలి లేక, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లు స్లాట్ ఇచ్చి, అన్నీ కుదిరాక లైన్లో ఎంతమంది ఉన్నారో చూసుకుంటే అప్పుడర్థమవుద్ది లెక్క. కొంతమందికి బాగానే దొరుకుతుంది, కాంపిటీషన్‌కి వెళ్లేవాళ్లకి ఇంకా బాగా, కొంతమందికి మూడేళ్లయ్యాక ఇచ్చే సీ సర్టిఫికెట్ చేతికొచ్చినా ఒక్కసారి ఎగిరే ఛాన్స్ కూడా దొరకదు.

అమెరికాలో సివిల్ ఎయిర్ పెట్రోల్ అని ఇలాంటిదే ఉంది, పన్నెండేళ్ల పిల్లల్ని కూడా చేర్చుకుంటారు, మన తెలుగు పిల్లలూ కొందరు చేస్తున్నారు. అక్కడ క్యాడెట్‌కి పద్దెనిమిది నిండేలోపు ఇంజిన్ విమానంలో అయిదు, గ్లైడర్‌లో అయిదు ఓరియెంటేషన్ ఫ్లైట్లు అని ప్రోగ్రామ్‌లోనే రాసుంటుంది. ప్రతి పిల్లకీ పదీ దొరుకుతాయా లేదా అనేది వేరే సంగతి, కనీసం నంబర్ ముందే చెప్తారు. మన దగ్గర కూడా అలా ముందే చెప్పేస్తే ఏం పోయిందో నాకర్థం కాదు. "నీకు ఫ్లయింగ్ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, అయినా వస్తావా?" అని అడగండి. అప్పుడు కూడా చెయ్యెత్తినవాడే మీకు కావాల్సినవాడు.

నాకు దొరికింది. ఆ రోజు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే జనం ఊహించుకునేదానికీ జరిగేదానికీ సంబంధం ఉండదు. ఎక్కే ముందే చాలాసేపు విమానం చుట్టూ తిరగాలి. రెక్క కింద డ్రెయిన్ నుంచి కొంచెం పెట్రోల్ పట్టి వెలుగుకి ఎత్తి చూడాలి, అడుగున నీటిబొట్లు ఉన్నాయేమో. రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే ఐలరాన్‌ని చేత్తో కదిపి దాని హింజ్ పిన్ను ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. నేను కంటితో చూసి ఓకే సార్ అన్నాను, నన్ను తీసుకెళ్లే పైలట్ వింగ్ కమాండర్ గారు ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని దాని మీద పెట్టారు. లోపల రెండు సీట్లకీ మధ్యలో ఒకటే స్టిక్, పైన వై ఆకారంలో చీలి ఉంటుంది, ఒక కొమ్ము ఆయనది, ఒకటి నాది. టేకాఫ్‌కి రన్‌వే మొత్తం కాదు గదా అందులో చిన్న ముక్క కూడా పట్టలేదు, ఎప్పుడు లేచిందో కూడా తెలీలేదు. పైకెళ్లి లెవెల్ చేశాక ఆయన "యూ హావ్ కంట్రోల్స్" అన్నారు. "ఐ హావ్ కంట్రోల్స్" అని తిరిగి అనాలి, అనకపోతే ఆయన వదలరు, ఎందుకంటే ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలియాలి. అన్నాను. అనగానే ముక్కు కొంచెం పైకి లేచింది, కిందికి నొక్కాను, ఎక్కువ నొక్కాను, మళ్లీ లాగాను, ఇంకా ఎక్కువ లాగాను, విమానం అలల మీద పడవలాగా ఊగడం మొదలెట్టింది. ఆయన నవ్వి "వదిలెయ్, అదే చూసుకుంటుంది" అన్నారు హిందీలో. వదిలేశాను. నిజంగానే అదే సర్దుకుంది. రెండు వేళ్లతో పట్టుకోవాల్సినదాన్ని పిడికిలితో పట్టుకున్నానని అప్పుడు తెలిసింది. అంతే, కొన్ని నిమిషాలు, మళ్లీ ఆయనే తీసుకుని దించారు.

బాగుంది. చాలా బాగుంది. కానీ మూడేళ్లలో నన్ను మార్చింది అదా అంటే, కాదు. ఏరోమోడలింగ్ గది.

ఆ గది గురించి ఎవరూ చెప్పరు. బాల్సా చెక్క అని ఉంటుంది, చేతిలో పట్టుకుంటే బరువే తెలీదు, బ్లేడుతో కోస్తే కేకులా తెగుద్ది, కానీ గ్రెయిన్‌కి అడ్డంగా కోశావో, అంచు పొడిపొడిగా రాలిపోద్ది. దాంతో చేత్తో విసిరే చక్ గ్లైడర్ చేయిస్తారు మొదట. రెక్కని శాండ్‌పేపర్‌తో పైన ఉబ్బుగా, వెనక అంచు పల్చగా వచ్చేదాకా రుద్దాలి, మధ్యకి కోసి, రెండు సగాలూ కొంచెం పైకి లేచి ఉండేలా ఒక చివర కింద అగ్గిపెట్టె పెట్టి అంటించాలి, దాన్ని డైహెడ్రల్ అంటారు, విమానం పక్కకి ఒరిగితే మళ్లీ నిటారుగా తెచ్చేది అదే. అంతా అయ్యాక గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి విసిరితే నాది ముక్కెత్తుకుని పైకి పోయి, గాల్లో ఒక్క క్షణం ఆగిపోయి, తోక మీద కూలింది. దాన్నే స్టాల్ అంటారు, రెక్కలకి పైకెత్తే బలం పోవడం. ఇంటర్‌లో నాకు ఫిజిక్స్‌లో మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, సెంటర్ ఆఫ్ గ్రావిటీ మీద ఎన్ని బిట్లు కొట్టుంటానో నాకే తెలీదు, కానీ అది ఒక వస్తువులో ఎక్కడో ఒకచోట నిజంగా ఉంటుందని, దాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి వెతకొచ్చని ఆ రోజుదాకా తట్టలేదు. ముక్కుకి ప్లాస్టిసిన్ ముద్ద పెట్టమన్నారు. పెట్టాను, ఈసారి నేరుగా నేలలోకి దూకింది. గోటితో కొంచెం గిల్లి తీశాను. విసిరాను. ఇంకొంచెం గిల్లాను. అలా గిల్లుకుంటూ పోగా ఒక విసురుకి అది నా చెయ్యి వదిలి, తొందరేమీ లేనట్టు, గ్రౌండ్ ఆ చివరిదాకా పోయి గడ్డిలో దిగింది. ఎవరూ మార్కులు వేయలేదు. మా స్టాఫ్ సార్జెంట్ "హా, ఠీక్ హై" అన్నాడు. ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్ పుస్తకం ఎవరూ చెప్పకుండా నాకు నేనే తెరిచాను.

మా బావకి జవాబు ఇదే. సాఫ్ట్‌వేరే బావా, నిజమే. కానీ పదిహేడేళ్లు వచ్చేదాకా నేను చేసిన ప్రతి పనీ ఎవరో ఒకరు చేయమంటే చేసింది. స్కూల్లో మీరు వేశారు, గ్రూపు మీరు తీసుకున్నారు, ఇంటర్‌లో స్టడీ అవర్ బెల్లు వాళ్లు కొట్టారు. నేను మానేసినా ఎవరికీ నష్టం లేని చోట, మానేయకుండా తెల్లారగట్ల లేచి వెళ్లిన మొదటి చోటు అది. పరేడ్‌కి రాకపోతే ఎవరూ ఇంటికి మెసేజ్ పెట్టరు. అటెండెన్స్ డెబ్బై అయిదు శాతం లేకపోతే సర్టిఫికెట్ పరీక్ష రాయనివ్వరు, అంతే, నీ ఇష్టం. మా ఇంటేక్‌లో సెకండియర్ వచ్చేసరికి చాలామంది మానేశారు, వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. మిగిలినవాళ్లం మాత్రం మాకు మేమే మిగిలాం. ఈ తేడా పిల్లలకి అర్థమవుద్ది, పెద్దవాళ్లకే అర్థం కాదు.

అందుకే కోటా మాట ఎత్తితే నాకు మంట. ఇంజనీరింగ్ సీట్లలో ఎన్‌సీసీ వాళ్లకి ఒక శాతం ఉంది, ఉండనివ్వండి, నిజంగా చేసినవాళ్లకి రావాల్సిందే. కానీ దానికోసమే చేర్పించిన పిల్లాడిని చూడండి, వాడికి పరేడ్ అంటే ఇంకో క్లాసు, క్యాంపు అంటే ఇంకో స్లిప్ టెస్టు, ఎప్పుడు అయిపోతుందా అని లెక్కపెట్టుకుంటుంటాడు. 1963లో గవర్నమెంటు చేసిన పనిని ఇప్పుడు మనం ఇంట్లో కూర్చుని చేస్తున్నాం, అంతే తేడా.

అసలు సమస్య ఇంకోటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు. స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో జూనియర్ డివిజన్ ఉంటుంది, రెండేళ్లు చేస్తే ఏ సర్టిఫికెట్. డిగ్రీలో సీనియర్ డివిజన్, రెండో ఏడు బీ, మూడో ఏడు సీ. మధ్యలో ఇంటర్. రూల్ ప్రకారం ఇంటర్ పిల్లలు కూడా సీనియర్ డివిజన్‌లో చేరొచ్చు, కానీ మన రెండు రాష్ట్రాల్లో పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? అపార్ట్‌మెంట్లలో. గ్రౌండే లేని కాలేజీలో పరేడ్ ఎక్కడ చేయిస్తారు, కారు పార్కింగ్‌లోనా? వెటకారం ఏంటంటే ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. అంటే దేశంలో అందరికన్నా ఎక్కువగా ఎంపీసీ పిల్లల్ని తయారుచేసేది మనమేనని చెప్పుకుంటూ, ఆ రెండేళ్లూ వాళ్లని ఆకాశం కనపడని గదిలో పెడుతున్నాం. హైదరాబాద్ చుట్టూ చూడండి, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, హకీంపేట, బేగంపేట, ఎటు చూసినా ఎయిర్‌ఫోర్సే. దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్ 18న కమిషన్ అయింది ఆ దుండిగల్‌లోనే. పొద్దున్నే ట్రైనర్ విమానాల మోత వింటూ నిద్రలేచే కాలనీల్లోని పిల్లలకి కూడా అందులోకి దారేంటో తెలీదు.

దారి ఉంది, ఇరుకైనదే గానీ ఉంది. ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంటే ఫ్లయింగ్ బ్రాంచికి ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో అప్లై చేయొచ్చు, రాతపరీక్ష లేకుండా నేరుగా సెలక్షన్ బోర్డుకి. సీడీఎస్ఈ (యూపీఎస్సీ పెట్టే సైనికాధికారుల పరీక్ష) ఖాళీల్లో పది శాతం, ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ సొంతంగా పెట్టే పరీక్ష) ఖాళీల్లో పది శాతం వాళ్లకి కేటాయిస్తారు. వయసు ఇరవై నుంచి ఇరవై నాలుగు. మనకి దగ్గర బోర్డు మైసూరు. ఆ బోర్డు దాటాక పైలట్ అవ్వాలంటే సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద ఒక టెస్టు, స్టిక్కు, పెడల్సు, లైట్లు, చెవిలో ఏవో సూచనలు, అన్నీ ఒకేసారి, అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, పోతే మళ్లీ లేదు. ఆ తర్వాత మెడికల్. అంటే ఎక్కడైనా ఆగిపోవచ్చు, ఎక్కువమంది ఆగిపోతారు, నేనూ అందులో ఒకణ్ని. దీన్ని పట్టుకుని "చేరితే పైలట్ అయిపోతారు" అనడం మోసం, "అదంతా మనవల్ల కాదు" అనడం ఇంకా పెద్ద మోసం. బయట కమర్షియల్ పైలట్ లైసెన్సుకి రెండొందల గంటలు ఎగరాలి, దానికయ్యే ఖర్చు పదుల లక్షల్లో, మా బావ లాంటివాళ్లు పొలం అమ్మాల్సిందే. ఇక్కడ ఫీజు లేదు. ఒక మామూలు డిగ్రీ కాలేజీ పిల్ల విమానాన్ని చేత్తో ముట్టుకునే చోటు ఇంకోటి నాకు తెలిసి లేదు.

క్యాంపుల గురించి పెద్దగా చెప్పను, అందరూ చెప్తారు. పది రోజులు, గుంపుగా పడుకోవడం, ఎవరి ప్లేటు వాళ్లు కడుక్కోవడం, రాత్రి గార్డు డ్యూటీ. నాకు మిగిలింది హిందీ. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, పీఛే ముడ్, ఇవి తప్ప ఒక్క ముక్క రాకుండా వెళ్లిన గుంటూరు కుర్రాడు పదో రోజుకి హర్యానా సార్జెంట్‌తో పోట్లాడగలిగాడు, సాంబార్‌లో ముక్కల గురించి.

ఆడపిల్ల కదా అని అక్క అడిగింది. గర్ల్స్ క్యాడెట్లకి క్యాంపులో విడిగా బస ఉంటుంది, లేడీ స్టాఫ్ ఉంటారు. అయినా అడగాల్సినవి అడిగే తీరాలి, ఏఎన్ఓ (కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్) ఎవరు, అమ్మాయిలతో క్యాంపుకి ఎవరు వెళ్తారు, ఫోన్ ఎప్పుడిస్తారు. సరిగ్గా జవాబు చెప్పని కాలేజీలో చేర్పించొద్దు. ఎందుకంటే అన్ని యూనిట్లూ ఒక్కలా ఉండవు, ఇది కూడా నిజం. ఏఎన్ఓ మంచి లెక్చరర్ అయితే ఆ కాలేజీలో ఎయిర్ వింగ్ వెలిగిపోద్ది, ఆయన ట్రాన్స్‌ఫర్ అయితే ఆరిపోద్ది. నేను చూసిన ఒక కాలేజీలో క్యాడెట్లని యూనిఫామ్ వేయించి మంత్రిగారొస్తే బొకేలు పట్టుకుని నిలబెట్టడం, యాన్యువల్ డే నాడు తాడు పట్టుకుని జనాన్ని ఆపడం, ఏడాదంతా ఇదే. ఏరోమోడలింగ్ సామాను బీరువాలో సీలు కూడా తీయకుండా పడుంది. ఆ పిల్లలు సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, విమానానికి రడ్డర్ ఎటుంటుందో తెలియకుండా. అలాంటి చోట మూడేళ్లు ఉండేకంటే లైబ్రరీలో కూర్చోవడం నయం.

మా మేనకోడలికి నేను చెప్పింది ఇంతే. అడ్మిషన్ తీసుకునే ముందే కాలేజీకి వెళ్లి, ఇక్కడున్నది ఏ వింగో అడుగు, ఎన్‌సీసీ ఉంది అంటే చాలామందికి అది ఆర్మీ వింగే, ఎయిర్ వింగ్ చాలా కొద్ది కాలేజీల్లోనే ఉంటుంది, చేరాక తెలిస్తే లాభం లేదు. సెకండియర్ క్యాడెట్‌ని ఎవరినైనా పట్టుకుని, ఈ ఏడాది ఎంతమంది ఎగిరారు, మోడల్స్ ఎన్ని చేశారు అని అడుగు, ఏఎన్ఓని అడగడం తర్వాత. చేర్చుకోవడం ఫస్టియర్ మొదట్లోనే అయిపోద్ది, నోటీస్ బోర్డు చూస్తూ ఉండు. పరుగు ఇప్పట్నుంచే మొదలుపెట్టు. సెలక్షన్ రోజు మాత్రం చెప్పులేసుకుని వెళ్లకు, మా బ్యాచులో ఒకడు పారాగాన్ చెప్పులతో వచ్చి, అవి చేతిలో పట్టుకుని పరిగెత్తి మూడోవాడిగా వచ్చాడు, సెలక్టయ్యాడు గానీ అరికాళ్లు బొబ్బలెక్కి వారం రోజులు క్లాసుకి రాలేదు. బావ ఇంకా ఒప్పుకోలేదు. షూ మాత్రం కొనిచ్చాడట, వాకింగ్‌కి అని చెప్పిందంట.